గోరు దిగని గీత

వీధిలో అందరూ తళుకు మేస్త్రి అని పిలిచే నేను, వయసు డెబ్బై ఒకటి, పాత కార్ల మీద గీతలు పడి మసకబారిన క్రోము పట్టీలనూ బంపర్లనూ మళ్ళీ మొహం కనపడేలా చేయడం వృత్తిగా గలవాడిని, పూర్తి స్పృహతో, ఎవరి బెదిరింపుకూ ఎవరి బుజ్జగింపుకూ లొంగకుండా, నా యావదాస్తి గురించీ నా అనంతరం జరగవలసిన ఏర్పాట్ల గురించీ స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. దీని తర్వాత ఇంకొకటి రాసే ఓపిక నాకు లేదు కాబట్టి దీన్నే కడపటిదిగా ఎంచవలసింది.

నా బుద్ధి స్థిరంగా ఉందని మా వీధి చివరి డాక్టరుగారు విడిగా కాగితం ఇచ్చారు. ఇవాళ ఏ వారమని అడిగారు, చెప్పాను. వందలోంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి రమ్మన్నారు, రెండు దాకా వచ్చాను. ఇంకేమైనా అడుగుతారేమోనని ఎదురుచూశాను, అడగలేదు. పందొమ్మిదేళ్ళుగా నా బుద్ధి ఎక్కడ వంకరగా ఉందో అక్కడ ఆయన ప్రశ్న తగల్లేదు. ఆ సంగతి ఆరో నిబంధనలో నేనే చెబుతాను. ఊపిరితిత్తుల సంగతి మాత్రం అడగకుండానే చెప్పారు. నలభై ఆరేళ్ళ పాలిష్ దుమ్ము లోపల పేరుకుపోయిందట. వచ్చే ఏడాది పోటీకి కారు తీసుకెళ్ళవచ్చా అని నేనడిగితే ఆయన కిటికీలోంచి బయటికి చూసి, ఎండ బాగా కాస్తోందన్నారు. అందుకే నాకు ఈ తొందర.

నేను ఇంతకుముందు రాసిన నాలుగు వీలునామాలనూ ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. ఆ నాలుగింట్లోనూ "నా తమ్ముడికి, నా కారు మీద వాడు పెట్టిన గీత తప్ప మరేమీ చెందరాదు" అనే వాక్యం ఉంది. రాసిన ప్రతిసారీ అది పొడుగవుతూ వచ్చి నాలుగోదానికి పేజీన్నర అయింది. దాన్ని టైపు చేయిస్తూ లాయరుగారు "ఇది వీలునామానా, ఫిర్యాదా?" అని అడిగారు. రెండూనన్నాను.

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా అమ్మాయికి అప్పగిస్తున్నాను. మా అమ్మాయి పళ్ళ డాక్టరు. నొప్పి పెట్టే పనిని నవ్వుతూ చేయడం అలవాటైన మనిషి కాబట్టి ఈ కుటుంబంలో ఈ పనికి తగినది ఆవిడే.

1. నేను కాపురముంటున్న ఇల్లు, అందులోని సామాను, పెరటి తలుపు తాళంచెవితో సహా, నా స్వార్జితం. నా తదనంతరం ఇవన్నీ దానవిక్రయాది సర్వహక్కులతో నా భార్యకు చెందాలి. ఇందులో ఎవరికీ పేచీ ఉండదు, ఎందుకంటే ఇప్పుడు కూడా ఆ హక్కులన్నీ ఆవిడవే.

వంటగది కొళాయి గురించి మాత్రం ప్రత్యేకంగా రాయాలి. అది మసకబారిందని ఆవిడ ముప్ఫై ఎనిమిదేళ్ళుగా చెబుతోంది. "ఊళ్ళోవాళ్ళ బంపర్లలో మొహాలు చూసుకోవచ్చు, మన కొళాయిలో మాత్రం నా చెయ్యి నాకే కనపడదు" అనేది. రేపు చేస్తానన్నాను. ఆ రేపు పోయిన ఆదివారం వచ్చింది. గంట కూడా పట్టని పని. ఆవిడ వచ్చి, చూసి, కొళాయి తిప్పి, చెయ్యి కడుక్కుని, చెంగుతో కొళాయిని తుడిచి, "ఏవండీ, డాక్టరు నాకు చెప్పనిది మీకేమైనా చెప్పాడా?" అంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత చేసిన మేలు భార్యకు రోగలక్షణంలా కనపడుతుందని నాకు తెలియదు. మగవాళ్ళు గమనించగలరు.

2. షెడ్డులో ఉన్న బఫింగు మోటారు, దానికి బిగించే ఉన్ని చక్రాలు పదకొండు, పచ్చ పాలిష్ ముద్దలు, తెల్ల పాలిష్ ముద్దలు మా అమ్మాయికి. తను కూడా రోజంతా తిరిగే చిన్న చక్రంతో జనం నోళ్ళలో పాలిషే పడుతుంది. పళ్ళకైనా బంపర్లకైనా సూత్రం ఒకటే. పైపొర పలచన. ఇనుము మీద రాగి, రాగి మీద నికెలు, అన్నిటికీ పైన ఉల్లిపొరకంటే పలచగా క్రోము. క్రోము అరిగిందంటే నికెలు పసుప్పచ్చగా తేలుతుంది. అదీ అరిగితే రాగి ఎర్రగా బయటపడుతుంది. ఆపైన ఆ వస్తువుకు దిక్కులేదు. అందుకే మా పనిలో మొదటి పాఠం ఎలా రుద్దాలన్నది కాదు, ఎక్కడ ఆపాలన్నది. ఈ పాఠం నేను లోహం మీద నేర్చుకున్నాను, మనుషుల మీద నేర్చుకోలేదు. మా అమ్మాయికి రెండూ వచ్చు.

3. మా అల్లుడు మంచివాడు. ఈ మాట ఎవరైనా వీలునామాలో రాశారంటే వెనకాల ఒక "కానీ" ఉందని అర్థం. కానీ, ఫోనులో నాలుగు నిమిషాల వీడియో చూస్తే నలభై ఏళ్ళ పని వచ్చేస్తుందని అతని నమ్మకం. మూడేళ్ళ క్రితం నేను వారం రోజులు ఆస్పత్రిలో ఉంటే, మామయ్యకు సాయం చేద్దామని షెడ్డు తాళం తీశాడు. ఒకాయన నమ్మి అప్పగించిన వెనక బంపరు మీద కంటికి ఆనని గీత ఒకటి ఉంది. దాన్ని పోగొట్టడానికి గిన్నెలు తోమే స్టీలు పీచు, తలుపులు గీకే గరుకు కాగితం పట్టుకుని మూడు రోజులు పాటుపడ్డాడు. గీత పోయింది. దాంతోపాటు క్రోమూ పోయింది, నికెలూ పోయింది. నేను తిరిగొచ్చేసరికి బంపరు నడుమ పళ్ళెమంత రాగి. అల్లుడు చెమట తుడుచుకుంటూ "యాంటిక్ లుక్ వచ్చింది మామయ్యా" అన్నాడు. ఆ యజమానికి అలాంటిదే ఇంకో బంపరు వెతికి బిగించి పంపేసరికి నాకు మళ్ళీ ఆస్పత్రికి పోవాలనిపించింది.

సదరు రాగి బంపరు అల్లుడికి చెందుతుంది. షరతు ఏమనగా, దాన్ని వాళ్ళ హాల్లో టీవీకి పైన గోడకు బిగించాలి. వచ్చినవాళ్ళు "ఎవరు చేశారండీ ఇది?" అని అడిగితే నిజం చెప్పాలి. సొంత నైపుణ్యానికి సిగ్గుపడటం నా కుటుంబంలో ఉండకూడదు.

4. పాత కార్ల సంఘం అధ్యక్షులవారికి, అంటే మేమంతా చాటున భూతద్దం అని పిలుచుకునే పెద్దమనిషికి, ఒక మెత్తటి గుడ్డ. ఆయనకు కారు లేదు. ఉన్నది భూతద్దం. ఏటా జరిగే పోటీలో ప్రతి కారు చుట్టూ నడుం వంచి ప్రదక్షిణ చేస్తూ మార్కులు తీసేస్తారు. ఆయన మార్కులు వేయడం మాత్రం ఎవరూ చూడలేదు. ఒకసారి వానచినుకుకు అర మార్కు తీశారు. ఇంకోసారి నేను అద్దంలా చేసిన బంపరులో వంకరగా కనపడిన తన ముక్కును చూసి "ఇక్కడ సొట్ట ఉంది" అని పుస్తకంలో రాసుకున్నారు. ఆ సొట్ట ఆయన వెంటే ఇంటికి వెళ్ళిందని నేను చెప్పలేదు. గుడ్డ భూతద్దం తుడుచుకోవడానికి. రెండువైపులా తుడవమనండి. నన్ను సాగనంపే రోజున ఆయన్ని తప్పకుండా పిలవండి. భూతద్దం గుమ్మం బయట పెట్టి రమ్మనండి.

5. షెడ్డు బయట వేలాడే బోర్డు. దీని చరిత్ర కొంచెం చెప్పాలి. నా తమ్ముడు పదిహేడేళ్ళు నాతో కలిసి పనిచేసి, తర్వాత విడిపోయి, రెండు వీధుల అవతల సొంత షెడ్డు పెట్టుకున్నాడు. వాడి బోర్డు మీద "గీతలు తీయబడును" అని రాయించాడు. మర్నాడే నేను నా బోర్డు మీద "గీతలు ఆనవాలు లేకుండా తీయబడును" అని రాయించాను. వారం తిరక్కముందే వాడు "గీతలు ఆనవాలు లేకుండా, అరుపులు లేకుండా తీయబడును" అని మార్చాడు. నేను "అసలు సిసలు అన్న షెడ్డు" అని కలిపాను. చివరికి రెండు బోర్డులూ చదవడానికే జనం స్కూటర్లు ఆపేవారు. ఏ షెడ్డుకు వెళ్ళాలో తేలక కొందరు గీతలతోనే ఇంటికి పోయారు.

నా బోర్డును దింపి, వెనకవైపు చిత్రిక పట్టించి, వంటింట్లో అలమరకు అడ్డబల్లగా వేయాలి. అక్షరాల వైపు కిందికి ఉండాలి. ఈ పనికి నేను పోయేదాకా ఆగనక్కర్లేదు.

6. ఇక కారు. ముదురాకుపచ్చ రంగు, నాకంటే పదేళ్ళు చిన్నది. తుప్పు కుప్పగా దొరికిన బండిని నేనూ మా తమ్ముడూ ఆరేళ్ళ ఆదివారాలు ధారపోసి లేపి నిలబెట్టాం. ఇంజను వాడిది, క్రోము నాది అని బయటివాళ్ళకు చెప్పేవాళ్ళం. నిజానికి ఏ బోల్టు ఎవరు బిగించారో మాకే తెలియదు.

పందొమ్మిదేళ్ళ క్రితం ఆ కారును మొదటిసారి సంఘం పోటీకి తీసుకెళ్ళవలసిన రోజు పొద్దున, డ్రైవరు తలుపు మీది క్రోము పట్టీకి జానెడు పొడుగున ఒక గీత కనపడింది. పసుప్పచ్చటి గీత. ఈ వృత్తిలో పసుపు కనపడితే అర్థం ఒకటే, క్రోము తెగి నికెలు తేలిందని. ముందురోజు సాయంత్రం ఆ తలుపు తుడిచినవాడు మా తమ్ముడు. వాడి చేతికి స్టీలు గొలుసు గడియారం ఉండేది. "ఉంగరం, గడియారం, బెల్టు బయట పెట్టి లోపలికి రావాలి" అని షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో రాసింది నేనే. బెల్టు కూడా రాశానని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, నేను గుర్తుపెట్టుకోలేదు. "ఎవర్రా ఈ గీత పెట్టింది?" అని నేను గర్జించగానే వాడు తన మణికట్టు వైపు చూసుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని తీర్పు చెప్పేశాను. ఇంక నాకు సాక్షి అవసరం లేకపోయింది.

వాడు ఒక్క మాటే అన్నాడు. "గోరు పెట్టి చూడన్నయ్యా."

తెలియనివారి కోసం చెబుతున్నాను. గీత కనపడితే దాని మీద అడ్డంగా గోరు నడపాలి. గోరు పల్లంలోకి దిగిందా, అది గీత, లోహం తెగింది. దిగకుండా గడప ఎక్కినట్టు ఎక్కిందా, అది గీతే కాదు. ఏదో మెత్తటి లోహం వచ్చి ఒరుసుకుని, తనే అరిగి, తన పొట్టు క్రోము మీద వదిలి పోయిందన్నమాట. క్రోము గట్టిది, ఇలాంటివాటికి లొంగదు. తుడిస్తే పోతుంది. ఈ పరీక్ష మా తమ్ముడికి నేర్పింది నేను. నేర్పినవాడికి నేర్చుకున్నవాడు చెప్పడమా అని నా తల తిరిగిపోయింది. "నాకు చెప్పేంతవాడివయ్యావా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. వాడి పెంపకాన్ని కూడా తిట్టాను. మమ్మల్నిద్దర్నీ పెంచింది ఒకే అమ్మ అని ఆ కోపంలో గుర్తు రాలేదు. వాడు గడియారం విప్పి బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

గోరు నేను పెట్టలేదు. గీతను బాగుచేయనూ లేదు. చేతికి దొరికిన సాక్ష్యాన్ని ఎవరైనా చెరుపుకుంటారా? దాని మీద పారదర్శకంగా ఉండే టేపు అతికించి పోటీకి తీసుకెళ్ళాను. భూతద్దంగారు గీతకు ఒక మార్కు, టేపుకు ఒక మార్కు తీశారు. అప్పట్నుంచి టేపు పాతబడినప్పుడల్లా కొత్తది అతికిస్తూ, ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ గీతను చూపించాను. బంధువులకు చూపించాను. గ్యాసు బండ తెచ్చినవాడికి చూపించాను. కరెంటు మీటరు చూడవచ్చినాయన రెండోసారి నుంచి మా ఇంటి రీడింగు ప్రహరీ బయట నుంచే అంచనా వేసుకుని పోయేవాడు.

ఈ పందొమ్మిదేళ్ళలో మా అమ్మ పోయింది. ఆ రోజు వాడు ఆవిడకు ఒక పక్కన, నేను ఇంకో పక్కన నిలబడ్డాం, మధ్యలో ఆవిడే ఉంది. వాడి కూతురి పెళ్ళికి నేను వెళ్ళలేదు. వాడికి కాలు విరిగిందని విని రెండుసార్లు వాడి వీధి చివరిదాకా నడిచి, బూట్లలో రాయి పడ్డట్టు నటించి తిరిగొచ్చాను. మా ఆవిడా, వాడి భార్యా మాత్రం ఏమీ జరగనట్టే రాకపోకలు సాగించారు. తోడికోడళ్ళకు పడదని ఎవరన్నారో గానీ, పడనిది అన్నదమ్ములకు.

పోయిన నెల, ఈ వీలునామా విషయమై షెడ్డు ముందు మంచం వేయించుకుని కారును కడిగిస్తుంటే, అల్లుడు టేపు కేసి చూసి "గీతతో అలా ఉంచడమెందుకు మామయ్యా, నేను తీసేయనా?" అన్నాడు. డాక్టరు మందులకు లేవని మనిషిని ఆ మాటకు మంచం దిగాను. అతని చేతికి స్టీలు పీచు అందేలోపు నేనే తీస్తానని టేపు ఊడబెరికాను. ఎంత లోతుందో చూద్దామని, వేరే ఆలోచన లేకుండా, చేతి అలవాటు కొద్దీ గోరు పెట్టాను.

గోరు దిగలేదు. ఎక్కింది.

ఇంకో వేలి గోరు పెట్టాను. ఎడమ చేతిది పెట్టాను. అల్లుణ్ణి పిలిచి అతని గోరు పెట్టించాను. "ఎత్తుగా ఉంది మామయ్యా" అన్నాడు. ఈ వృత్తి గురించి అతను చెప్పిన మొదటి సరైన మాట అది. మెత్తటి గుడ్డకు తెల్ల పాలిష్ రాసి, వేలి బరువుకు మించకుండా రుద్దాను. పక్కన పెట్టిన టీ చల్లారకముందే గీత లేదు. కింద క్రోము చెక్కు చెదరలేదు. అందులో నా మొహం కనపడింది. దాని గురించి ఎక్కువ రాయను.

గుడ్డకు అంటింది నికెలు కాదు, ఇత్తడి. తమ్ముడి గడియారం స్టీలుది. బెల్టా, వాడు జన్మలో పెట్టలేదు, వాడి ప్యాంటు భారమంతా వాడి పొట్టదే. మా ఇంటావంటా ఇత్తడి బకిలున్న బెల్టు ఒక్కడికే ఉంది. పోటీ రోజు పొద్దున సోకుగా తయారై వచ్చి, కారు పైకప్పు మీద దుమ్ము కనపడితే, తలుపుకు ఆనుకుని వంగి తుడిచినవాణ్ణి నేను. నమ్మకం చాలక బీరువాలోంచి ఆ బెల్టు తీసి పెట్టుకుని తలుపు పక్కన నిలబడి చూశాను. బకిలు సరిగ్గా పట్టీ ఎత్తుకు వచ్చింది. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. నాకు నా నడుము మీద పసుపు తెలియలేదు. గోరంతను కొండంత చేసేవాళ్ళను చూశాను గానీ, గోరు కూడా పెట్టకుండా కొండను కట్టినవాణ్ణి నేనొక్కణ్ణే.

తప్పు నాది. పూర్తిగా నాది. నాకు సిగ్గుగా ఉంది. కాబట్టి సదరు కారును సర్వహక్కులతో నా తమ్ముడికి ఇస్తున్నాను.

7. పై నిబంధనలోని చివరి వాక్యం కొట్టివేయడమైనది. కారణాలు రెండు.

మొదటి కారణం మా ఆవిడ. చిత్తుప్రతి చదివి వినిపిస్తే కళ్ళు తుడుచుకుంటుందనుకున్నాను. కళ్ళజోడు తుడుచుకుంది. "చచ్చాక చెప్పే క్షమాపణ ఎవరికండీ? మరిది వచ్చి మీ ఫోటో ముందు నిలబడి, పర్లేదులే అన్నయ్యా అనాలా? అంటే మీకు వినపడుతుందా?" అంది. లేచి వెళ్ళి కుక్కరు దింపుకుంది.

రెండో కారణం లాయరుగారు. సంతకం చేసేటప్పుడు ఇద్దరు సాక్షులు ఎదురుగా ఉండాలట. నేను చేస్తుంటే వాళ్ళు చూడాలి, వాళ్ళు చేస్తుంటే నేను చూడాలి. ఒకరు డాక్టరుగారు, రెండోవాడు మా తమ్ముడు అన్నాను. కుదరదన్నారు. "ఆస్తి పుచ్చుకునేవాడు సాక్షిగా ఉండకూడదండీ. ఉంటే వాడికి రాసింది చెల్లదు. కారు ఇస్తారా, సాక్షిని చేస్తారా, ఏదో ఒకటి తేల్చుకోండి" అన్నారు.

రెండు రోజులు ఆలోచించాను. కారు రాస్తే, నేను పోయాక వాడికి కారు ఉంటుంది. సాక్షిని చేస్తే, నేను ఉండగానే ఒక్క పూటైనా వాడు నా ఎదురుగా కూర్చుంటాడు. వీలునామా అంటే ఇవ్వడానికి రాసేది. నేను చివరిదాంట్లో కూడా పుచ్చుకోవడమే చూసుకున్నాను. ఇది స్వార్థమని తెలుసు. తెలిసే రాస్తున్నాను.

8. కాబట్టి కారు నా భార్యకు చెందుతుంది. ఆవిడకు నడపడం రాదు. ఎవరి చేత నడిపించుకుంటుందో ఆవిడ ఇష్టం. ఆ విషయంలో నా సలహా ఎవరూ అడగబోరని నాకు తెలుసు. ఇక బల్ల సొరుగులో ఉన్న స్టీలు గొలుసు గడియారం నాది కాదు. నాది కానిదాన్ని నేను ఇవ్వలేను, తిరిగి అప్పగించగలను. అది ఆస్తి పుచ్చుకోవడం కిందికి రాదని లాయరుగారి చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

9. పోయిన మంగళవారం పొద్దున నేనే నడిచి తమ్ముడి షెడ్డుకు వెళ్ళాను. రెండు వీధుల దారిలో మూడుచోట్ల ఆగాను, రెండుసార్లు ఊపిరి అందక, ఒకసారి మొహం చెల్లక. దారి పొడుగునా ఒక మంచి వాక్యం కూడబలుక్కున్నాను. తీరా వాడి ముందు నిలబడి నోరు తెరిస్తే "ఒక సంతకం కావాలి" అని వచ్చింది. వాడు తిరిగే చక్రం మీంచి చూపు తిప్పలేదు. దేనికన్నాడు. వీలునామాకన్నాను. అప్పుడు మోటారు ఆపాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, స్టూలు నా వైపు జరిపి, "శనివారం పనుంది. చూస్తాను" అన్నాడు. వస్తానని అనలేదు, రాననీ అనలేదు. ఆ స్టూలు మీద పావుగంట కూర్చున్నాను. ఇద్దరం చక్రాన్నే చూశాం.

అందుచేత ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. రెండో సాక్షి స్థానంలో నా తమ్ముడు తప్ప మరెవరు సంతకం చేసినా నేను సంతకం చేయను. అప్పుడు ఇది ఉత్త కాగితం, పాత నాలుగోదే చెల్లుతుంది, పేజీన్నర తిట్లతో సహా. లాయరుగారు ఇది తలతిక్క అన్నారు. "ఆ నాలుగోదాన్ని చింపేస్తే పోతుంది కదా నాన్నా" అంది మా అమ్మాయి. చింపితే కాగితం పోతుంది గానీ అన్నమాట పోదు. అన్నవాడే, పడ్డవాడి ఎదురుగా కూర్చుని, కాదనాలి. ఇది చెల్లకపోతే అల్లుడికి రాగి బంపరు బాధ తప్పుతుంది. అయినా అతను రోజుకు రెండుసార్లు తమ్ముడి షెడ్డుకు వెళ్ళి "శనివారం రండి చిన్న మామయ్యా" అని బతిమాలి వస్తున్నాడు. అందుకే మంచివాడన్నాను. ఈసారి "కానీ" లేదు.

10. సంతకానికి ముందు ఈ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా నేనే పైకి చదవాలి. దగ్గు వస్తే అందరూ ఆగాలి, నా బదులు ఎవరూ చదవకూడదు. ముఖ్యంగా ఈ కింది వాక్యాన్ని.

ఒరేయ్ తమ్ముడూ, గోరు పెట్టి చూశాన్రా. నువ్వు చెప్పిందే నిజం. పందొమ్మిదేళ్ళు నిన్ను ఊరందరి ముందూ దోషిని చేశాను. నన్ను క్షమించు. క్షమించకపోయినా సంతకం చేసి వెళ్ళు. వీలైతే కాసేపు ఉండి వెళ్ళు.

పైన పేర్కొనని చిల్లరమల్లర సామాను ఏదైనా మిగిలితే మా ఆవిడ ఎవరికి ఇవ్వమంటే వారికి. నా స్వహస్తాలతో రాసి, పైకి చదివి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేశాను. మూడింటికి అనుకున్నది నాలుగూ పదికి మొదలైంది. ఆ గంటా పది నిమిషాల్లో లాయరుగారు రెండుసార్లు గడియారం చూశారు. నేను గేటు చూశాను.

తేదీ: మార్చి పద్నాలుగు, శనివారం, సాయంత్రం అయిదుంబావు.

సంతకం: తళుకు మేస్త్రి

సాక్షులు:

1. వీధి చివరి డాక్టరును. రాసినవారు పూర్తి స్పృహతో ఉన్నారు. సంతకం వేళ నాడి వేగంగా కొట్టుకుంది. ఆందోళన పడవలసినది కాదు.

2. రాసినాయన తమ్ముణ్ణి. మొత్తం విన్నాను. అన్నయ్య నా ఎదుట సంతకం చేశాడు, నేను అన్నయ్య ఎదుట చేశాను. సంతకం మధ్యలో దగ్గు తెర వస్తే మోచేతి కింద నా చెయ్యి పెట్టాను. సాక్షి చూడాలే గానీ పట్టుకోకూడదని లాయరుగారు అన్నారు. పట్టుకున్నాను. అక్షరాలు మాత్రం అన్నయ్యవే.